హార్డ్ సైడర్ ఇంట్లో చేయడం: హనుమకొండ ఎండకు ఆగుతుందా?

వంశీ_హనుమకొండ:
అందరికీ నమస్తే. ఈ మధ్య హైదరాబాద్ పోయినప్పుడల్లా చూస్తున్నా, మా బ్యాచ్‌లో చాలామంది బీరు పక్కనపెట్టి సైడర్, అంటే పులియబెట్టిన యాపిల్ రసం అడుగుతున్నారు. బీరంత చేదు ఉండదు, బార్లీ, గోధుమ పడనివాళ్లకు కూడా ఇబ్బంది లేదు అంటారు. యూట్యూబ్‌లో చూస్తే యాపిల్ రసం, ఈస్ట్, ఒక డబ్బా, అంతే అన్నట్టు చూపిస్తున్నారు. మా ఇంట్లో జ్యూసర్ ఉంది, 5 లీటర్ల నీళ్ల క్యాన్ ఉంది. బేకరీ ఈస్ట్ పనికొస్తుందా? ప్యాకెట్ జ్యూస్ వాడొచ్చా, పండ్లే పిండాలా? ఇక్కడి ఎండలకు పాడవుతుందా? చేసినవాళ్లు ఉంటే చెప్పండి. అమ్మడానికి కాదు, తాగి చూద్దామని అంతే.

కరీంనగర్_కిట్టు:
ఊరి చుట్టూ తాటిచెట్లు పెట్టుకొని కాశ్మీర్ పండు పులియబెట్టుడేంది తమ్మీ. పొద్దున్నే పరకాల రోడ్డు మీద ఆగు, లొట్టి దించంగనే కల్లు పోస్తరు. జ్యూసర్ కడిగే పని కూడా ఉండదు.

శ్రీను_హెరెఫర్డ్:
వంశీ, మాది నర్సంపేట. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌లో ఉంటున్నా. సైడర్‌కు ఇది పెట్టింది పేరు. బల్మర్స్ కంపెనీ 1887లో ఇక్కడే మొదలైంది, ఇప్పుడు హైనెకెన్ చేతిలో ఉంది. శరదృతువులో ఊరి బయట రోడ్ల మీద ట్రాక్టర్ల నిండా యాపిల్స్ పోతుంటాయి, మన దగ్గర ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చినట్టు.

అయితే ఆ యాపిల్స్ మనం కొనుక్కొని తినేవి కావు. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్, ఫాక్స్‌వెల్ప్ అని వేరే రకాలు. డాబినెట్ ఒకటి కొరికి చూడు, మొదట తియ్యగా ఉన్నట్టే ఉండి వెంటనే నాలుక వగరుతో మొద్దుబారుతుంది. పచ్చి జామపిందె నమిలినా అంత వగరు ఉండదు. పులిశాక తీపి మొత్తం పోతుంది, మిగిలేది ఆ వగరూ పులుపే. అవి లేని రసంతో చేస్తే చప్పగా, నీళ్లలా ఉంటుంది. మన మార్కెట్లో ఎర్రగా నిగనిగలాడే డెలీషియస్ రకాలతో వచ్చే చిక్కు ఇదే: తీపి ఉంది, పులుపు తక్కువ, వగరు దాదాపు లేదు. వాటిలో నాలుగో వంతు గ్రీన్ యాపిల్, అంటే గ్రానీ స్మిత్ కలిపితే కాస్త నయం.

ఇక మోజు సంగతి. బ్రిటన్‌లో చాలాకాలం సైడర్ అంటే పల్లెటూరి ముసలివాళ్లు తాగేది, లేదా జేబులో డబ్బుల్లేని విద్యార్థులు తాగేది. 2006 ప్రాంతంలో ఐర్లండ్ నుంచి మాగ్నర్స్ వాళ్లు గ్లాసు నిండా ఐస్ వేసి పోసే ప్రకటనలు కుమ్మేశాక కుర్రకారు మళ్లీ ఎగబడ్డారు. అమెరికాలో వలసకాలం నుంచీ ఉన్నదే వెనకబడిపోయి, మద్యనిషేధం నాటికి ఇంకా చితికిపోయి, 2011 తర్వాత నాలుగైదేళ్లు జోరుగా లేచింది.

ఇంట్లో చేసుకునేవాళ్లు పెరగడానికి నాకు కనిపించే కారణం ఇంకొకటి. ఇక్కడ 2010 నుంచి ఉన్న నిబంధన ప్రకారం సీసా మీద సైడర్ అని రాయాలంటే 35 శాతం యాపిల్ రసం ఉంటే చాలు. అదీ నీళ్లు తీసి చిక్కబరచిన గాఢరసం నుంచి కలిపింది కావచ్చు. మిగతాదంతా నీళ్లు, చక్కెర. పండు రుచి తెలిసినవాడికి ఆ సీసా ఎక్కదు.

నీ ప్రశ్నలకొస్తే, బేకరీ ఈస్ట్‌తో పులుస్తుంది కానీ బ్రెడ్డు వాసన పోదు, అడుగున గట్టిగా పేరుకోదు, ఒంపేటప్పుడు మడ్డి లేస్తుంది. ప్యాకెట్ జ్యూస్ అయితే వెనక చిన్న అక్షరాలు చదువు. ఐఎన్ఎస్ 202 లేదా 211 ఉంటే వదిలేయ్. అవి ఈస్ట్‌ను పెరగనివ్వని నిల్వ మందులు, డబ్బా ముందు కూర్చుని ఎదురుచూడటమే మిగులుతుంది.

నల్లకోటు_ఓరుగల్లు:
వంటకం బాగుంది గానీ అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. మనకు వర్తించేది 1968 నాటి ఎక్సైజ్ చట్టం, ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిందే. దాని ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడమే నేరం. అమ్మావా, ఇంట్లో తాగావా అన్నది తర్వాతి ముచ్చట. శ్రీను గారు చెప్పే ఇంగ్లండ్‌లో సొంతానికి చేసుకోవచ్చు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఒక వయోజనుడు ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకుమించి ఉంటే 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకోవచ్చు. సైడర్ అందులోకే వస్తుంది. అంటే 380, 760 లీటర్లు. ఆ వీడియోలు చేసేవాళ్లంతా అక్కడివాళ్లు. హనుమకొండలో కూర్చొని అదే పని చేస్తే లెక్క వేరు.

వంశీ_హనుమకొండ:
సార్, 5 లీటర్లకు కూడానా? నేను బట్టీ పెట్టట్లేదు కదా, కాయట్లేదు, జస్ట్ రసం పులియబెడుతున్నా.

నల్లకోటు_ఓరుగల్లు:
తమ్ముడూ, గుడుంబా దాడుల వార్తలు గుర్తు తెచ్చుకో. "ఇన్ని లీటర్ల బెల్లం పానకం ధ్వంసం" అని రాస్తారు. ఆ పానకం ఇంకా బట్టీ ఎక్కలేదు, డ్రమ్ములో పులుస్తున్నదంతే. అయినా పారబోసి కేసు పెడతారు. మేడారం జాతరకు అమ్మవార్లకు బంగారం మొక్కడానికి బెల్లం కొంటే ఆధార్ అడిగిన రాష్ట్రం మనది. మీ వంటింట్లో బుడగలు వచ్చే క్యాన్ చూసి, ఇది యాపిల్ కాబట్టి పర్వాలేదు అని ఎవరూ వదలరు. పైగా తెలంగాణలో మద్యం కొనాలన్నా తాగాలన్నా 21 నిండాలి, అదీ చూసుకో.

కరీంనగర్_కిట్టు:
వకీల్ సాబ్ వచ్చిండంటే దావత్ ఖతం 😀

సుజాత_కెమిస్ట్రీ:
ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. చట్టం సంగతి ఆయన చెప్పారు, వేడి సంగతి నేను చెప్తాను. ఎండకు ఆగుతుందా అని వంశీ శీర్షికలోనే అడిగాడు, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

లీటరు యాపిల్ రసంలో సుమారు 110 గ్రాముల చక్కెరలు ఉంటాయి. ఈస్ట్ వాటిని తిని సగం బరువు ఆల్కహాల్‌గా, సగం బరువు కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. అందుకే సైడర్ 5, 6 శాతం దగ్గర తేలుతుంది. గ్యాస్ లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 5 లీటర్ల రసం పూర్తిగా పులిసేలోపు 100 లీటర్లకు పైగా గ్యాస్ బయటికి పోవాలి. మూత బిగించి పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ పని చల్లగా, నెమ్మదిగా జరగాలి. 15 నుంచి 20 డిగ్రీలు బాగుంటుంది. అప్పుడు రెండు మూడు వారాలు పడుతుంది, పండు వాసన నిలుస్తుంది. మన దగ్గర మే నెలలో బయట 44, మూసిన వంటింట్లో 36 తక్కువ ఉండదు. ఆ వేడిలో ఈస్ట్ ఆగదు, మూడు నాలుగు రోజుల్లోనే చక్కెర అయిపోతుంది. తొందరలో ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన రకాలు కూడా తయారవుతాయి. ఘాటైన వాసన, గొంతులో మంట వాటి పుణ్యమే. యాపిల్ సువాసన అంతా గ్యాస్‌తో పాటు ఎగిరిపోతుంది. వరంగల్‌లో డిసెంబర్, జనవరి తప్పిస్తే ఫ్రిజ్‌నో ఏసీ గదినో దానికే కేటాయించాలి. అంత ఖర్చుతో చేసిన సైడర్ ఎంత పడుతుందో లెక్కేసుకోండి.

ఇంకో మాట. "మచ్చలు పడ్డ పండ్లు, కుళ్లినవి వాడేయొచ్చు, ఎలాగూ పులుస్తుంది కదా" అని కొందరు వీడియోల్లో అంటున్నారు. దెబ్బ తగిలి నల్లబడ్డ పండు వేరు, బూజు పట్టి కుళ్లిన పండు వేరు. రెండోదాంట్లో పాట్యులిన్ అనే విషం ఉండొచ్చు. పండ్ల రసంలో కిలోకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని ఆహార ప్రమాణాలు. కుళ్లు కోసేసి వాడదామన్నా అది చుట్టుపక్కల గుజ్జులోకి దిగి ఉండొచ్చు. పారేయడమే.

మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పండులోని పెక్టిన్ వల్ల కొద్దిగా వస్తుంది, పులియబెట్టి ఊరుకుంటే అది ప్రమాదకరమైన మోతాదు కాదు. దాన్ని బట్టీ పట్టి కాచడం, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి చిక్కబరచడం లాంటి ప్రయోగాల జోలికి మాత్రం ఎక్కడున్నా పోవద్దు.

మోకు_ముత్తాదు:
మేడం చెప్పింది కరెక్టే. మాది జనగామ దగ్గర గీత కుటుంబం, నేను ఉద్యోగం చేస్తున్నా గానీ నాయిన ఇంకా చెట్టెక్కుతడు. ఎండాకాలం కల్లు ఎంత తొందరగా తిరుగుతదో మాకు వేరే చెప్పక్కర్లేదు. చెట్టు మీద లొట్టిలో ఉండంగనే పులుపు మొదలైతది. పొద్దుగాల దించినప్పుడు తీపి, మధ్యాహ్నానికి ఘాటు, పొద్దుగూకే వరకు పులుపు. లొట్టిలో నిన్నటి తడి ఉంటే ఇంకా జల్ది. తీయగనే ఉండాలంటే లోపల సున్నం పూసి కట్టాలె, నీరా అట్లనే తీస్తరు. ఈ సైడర్‌కు ఈస్ట్ కొని వేస్తున్నరు, మాకు గాలిలో, లొట్టిలో ఉన్నదే చాలు.

చట్టం మాట అంటే, మాకు కూడా లైసెన్స్ ఉంటేనే గీత. చెట్లకు నంబర్లు ఉంటయి. ఊళ్లో అంత మందికి తెలిసిన పనికే కాగితం అడుగుతరు, నీ క్యాన్‌ను వదుల్తరా.

కిట్టన్నకు ఒక మాట: రోడ్డు మీద ఆగి తాగు గానీ చెట్టు దగ్గర దించింది తాగు. డిపోలలో పోసే కల్లుల క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రజోలం అనే మత్తుమందులు కలిపి పట్టుబడ్డ కేసులు ఎన్ని చూడలేదు. నురుగు కమ్మగ ఉంది అని మోసపోవద్దు.

కరీంనగర్_కిట్టు:
గది నిజమే తమ్మీ. మా బాపు ఎప్పుడూ ఒక్క చెట్టు కల్లే తాగేటోడు, గీసేటాయన పేరు చెప్పి మరీ.

శ్రీను_హెరెఫర్డ్:
మోకు_ముత్తాదు గారు చెప్పిన గాలి ఈస్ట్ సంగతి మీద ఇక్కడ పెద్ద తగాదా. పాతకాలం సైడర్ చేసేవాళ్లు ఏమీ వేయరు. పండు తొక్క మీద, గానుగ చెక్కల్లో ఉన్న ఈస్ట్ తోనే నెలల తరబడి నెమ్మదిగా పులుస్తుంది. అక్టోబర్‌లో పిండితే వేసవికి తాగుతారు. రుచికి నా ఓటు దానికే.

సుజాత_కెమిస్ట్రీ:
మీ హెరెఫర్డ్‌లో శరదృతువులో రాత్రి 8 డిగ్రీలు ఉంటే ఎవరి ఈస్ట్ అయినా మర్యాదగా నడుచుకుంటుంది. 8 డిగ్రీల చలిలో పనిచేసేది వేరు, 35లో దూకేది వేరు. కొత్తగా చేసేవాడికి గాలి ఈస్ట్ సలహా ఇవ్వకండి శ్రీను గారూ. సిర్కా, అంటే వెనిగర్ అయిపోయే ప్రమాదం ఎక్కువ.

శ్రీను_హెరెఫర్డ్:
ఒప్పుకోను మేడం, కానీ కొత్తవాడి విషయంలో మీ మాటే సరి. ప్యాకెట్ ఈస్టే వాడమందాం.

అనిత_ఆసిఫాబాద్:
కాశ్మీర్ పండు అని కిట్టు గారు ఎగతాళి చేశారు గానీ మా ఆసిఫాబాద్ జిల్లాలో కూడా యాపిల్ కాస్తోంది. కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయంతో తోట వేసి పండించి చూపించాడు. హెచ్ఆర్ఎంఎన్-99 అనే రకం, హిమాచల్ బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ పైకి తెచ్చింది. మామూలు యాపిల్ చెట్టుకు చలికాలంలో కొన్ని వందల గంటల పాటు 7 డిగ్రీల లోపు చలి తగలాలి, అప్పుడే పూత. దీనికి అంత అక్కర్లేదు. మన కెరమెరి, తిర్యాణి వైపు చలి ఎంతుంటుందో డిసెంబర్‌లో వచ్చి చూడండి. కాయ మాత్రం ఎండాకాలంలోనే చేతికొస్తుంది, అంటే సుజాత మేడం వద్దన్న నెలల్లోనే.

ఇంకా తోటలు తక్కువ, పండు తినడానికే సరిపోదు. సైడర్‌కు పిండేంత ఎక్కడిది. మాకు పులియబెట్టాలంటే ఇప్పపువ్వు ఉండనే ఉంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే చెట్ల కింద ఊడ్చి ఏరుతారు. ఇప్పుడు మా దగ్గర దాన్ని సారాకు కాకుండా లడ్డూలకు వాడటం పెరిగింది, ఉట్నూర్ వైపు మహిళా సంఘాలు చేసి అమ్ముతున్నాయి.

వంశీ_హనుమకొండ:
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. వకీల్ సార్ చెప్పాక ఇక్కడ క్యాన్ ముట్టను. అమ్మ కూడా పులుసు వాసన వస్తే మొదట నన్నే అడుగుతుంది. యాపిల్ సైడర్ వెనిగర్ అయితే చేసుకోవచ్చు కదా? అది షాపుల్లో కూడా అమ్ముతారు, ఆరోగ్యానికి అంటారు.

సుజాత_కెమిస్ట్రీ:
వెనిగర్ చేయాలంటే ముందు సైడర్ చేయాల్సిందే వంశీ. ఆల్కహాల్ అయ్యాక గాలి తగలనిస్తే అసిటోబాక్టర్ అనే బాక్టీరియా దాన్ని అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే సైడర్ చేసేవాళ్లు గాలి తగలకుండా కాపలా కాస్తారు, సిర్కా చేసేవాళ్లు గుడ్డ కట్టి గాలి ఆడనిస్తారు. దాదాపు 5 శాతం ఆల్కహాల్ ఉన్న సైడర్ నుంచి 4, 5 శాతం ఆమ్లం వస్తుంది. ఆరోగ్యం మాట మాత్రం ఊరికే నమ్మకు, పళ్ల ఎనామిల్ అరుగుతుంది.

నల్లకోటు_ఓరుగల్లు:
మేడం మధ్యలో ఆల్కహాల్ అన్నారు, నాకు అక్కడే ఆగిపోయింది 🙂 సీసా కొనుక్కో తమ్ముడూ.

వంశీ_హనుమకొండ:
సరే, అసలు విషయం చెప్తా. ఈ సెప్టెంబర్‌లో ఎంఎస్సీకి లీడ్స్ వెళ్తున్నా, సీటు వచ్చింది. నాకు 23. అక్కడ చేసుకోవచ్చు కదా? శ్రీను అన్నా, అయితే మొదటిసారి ఎలా చేయాలో వరసగా చెప్పరా, పెద్ద సామాను లేకుండా.

శ్రీను_హెరెఫర్డ్:
అది ముందే చెప్పొచ్చుగా! కంగ్రాట్స్.

మొదటిసారి పండ్లు పిండే పని పెట్టుకోకు. 4.5 లీటర్ల రసానికి జ్యూసర్‌తో ఎనిమిది కిలోల పండ్లు పడతాయి, గుజ్జు కడుక్కునేసరికి విసుగొస్తుంది. సూపర్ మార్కెట్‌లో గాఢరసం నుంచి కాకుండా నేరుగా పిండిన యాపిల్ జ్యూస్ కార్టన్లు దొరుకుతాయి, నిల్వ మందు లేనివి చూసుకో. 4.5 లీటర్లు పట్టే గాజు డెమిజాన్ (సన్నమెడ పెద్ద సీసా), ఎయిర్‌లాక్ ఉన్న బిరడా, సైడర్ ఈస్ట్ ప్యాకెట్, రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్, మడ్డి లేవకుండా తోడే సైఫన్ పైపు. హోమ్‌బ్రూ షాపులో ఇవన్నీ దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం శుభ్రం. సామాను మొత్తం సబ్బుతో కడిగి, క్రిములు చంపే పౌడర్ నీళ్లలో ముంచి తీయాలి. రసం పోసి హైడ్రోమీటర్ వేస్తే 1.045 నుంచి 1.050 మధ్య చూపిస్తుంది. ఈస్ట్ చల్లి బిరడా పెట్టు. డెమిజాన్‌ను మెడ దాకా నింపకు, మొదటి నాలుగైదు రోజులు నురుగు పొంగుతుంది. ఎయిర్‌లాక్‌లో నీళ్లుంటాయి, గ్యాస్ బుడుగు బుడుగుమంటూ పోతుంది, గాలి లోపలికి రాదు.

ఎయిర్‌లాక్ ఆగిందని అయిపోయింది అనుకోవద్దు, చాలామంది అక్కడే తొందరపడతారు. చలికి కూడా ఆగుతుంది. హైడ్రోమీటర్ 1.000 దగ్గరికి వచ్చి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అదే అంకె ఉంటే అప్పుడు అయినట్టు. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఉన్న తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 1.050 నుంచి 1.000కి దిగితే ఆరున్నర. బీరు అనుకొని గ్లాసులు లాగించకు.

సీసాల్లో గ్యాస్ కావాలంటే లీటరుకు 5, 6 గ్రాముల చక్కెర తూకం వేసి కలిపి బిగించాలి, గుప్పెడు కాదు. మొదటిసారి సోడా ప్లాస్టిక్ సీసాలే వాడు. నొక్కి చూస్తే రాయిలా గట్టిపడ్డప్పుడు ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పలచటి గాజు సీసాలు, అలంకరణ సీసాలు పగిలి గాజు పెంకులు గోడల్లో దిగబడిన ఫోటోలు సైడర్ గ్రూపుల్లో ప్రతి ఏడూ వస్తాయి.

సుజాత_కెమిస్ట్రీ:
ఇది బాగా చెప్పారు. తియ్యగా కావాలని తర్వాత చక్కెర కలిపి గాజులో బిగించడం మాత్రం అస్సలు వద్దు. ఈస్ట్ చావదు, దానికి మళ్లీ తిండి దొరికినట్టే. తీపి కావాలంటే గ్లాసులో పోసుకున్నాక కాస్త యాపిల్ జ్యూస్ కలుపుకో.

వంశీ_హనుమకొండ:
స్టూడెంట్ రూమ్‌లో పెట్టనిస్తారా? వచ్చేటప్పుడు ఒకటి రెండు సీసాలు కిట్టన్నకు తేవచ్చా?

నల్లకోటు_ఓరుగల్లు:
విదేశాల నుంచి వచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల మద్యం వరకు కస్టమ్స్ సుంకం ఉండదు. కానీ లేబుల్ లేని సీసా చూపించి ఇది నేనే చేశాను అంటే అక్కడ నిలబెట్టి వివరం అడుగుతారు. షాపు సీసా తే, బిల్లు దగ్గర పెట్టుకో.

కరీంనగర్_కిట్టు:
ఏ సీసా అయినా పర్వాలేదు తమ్మీ, పైలంగా రా.

శ్రీను_హెరెఫర్డ్:
రూమ్ అగ్రిమెంట్ చదువు, కొన్ని హాస్టళ్లు ఒప్పుకోవు. ఒప్పుకుంటే హీటర్‌కు దూరంగా, ఎండ పడని మూల పెట్టు. ఇంకా పులుస్తూ గ్యాస్ వస్తున్న సీసా లగేజీలో పెట్టొద్దు. అక్టోబర్ చివర్లో ఒక శనివారం హెరెఫర్డ్ రా, మాంచెస్టర్‌లో రైలు మారితే చాలు. తెలిసిన తోటలో పిండుతుంటారు, అసలైన డాబినెట్ రసం ఇప్పిస్తా. డెమిజాన్లు మాత్రం నువ్వే తెచ్చుకో, నావన్నీ నిండి ఉంటాయి.